లేవీయకాండం దగ్గర ఆగిపోయేవాళ్లకి

జనవరి 1న బైబిల్ మొదటి పుస్తకం ఆదికాండం మొదలుపెట్టి, నెలాఖరుకి మూడో పుస్తకం లేవీయకాండం బలుల దగ్గర చతికిలపడేవాళ్లు మా చిత్తూరు సంఘంలో బోలెడుమంది. బైబిల్లో 1189 అధ్యాయాలు, ఏడాదిలో అయిపోవాలంటే రోజుకి మూడు పైనే చదవాలి, కొత్తవాళ్లకి అంత టెన్షన్ ఎందుకు చెప్పండి? ముందు మార్కు సువార్త పట్టుకోండి. 16 అధ్యాయాలే, కథ పరుగెడుతుంది. తర్వాత సామెతల గ్రంథం, 31 అధ్యాయాలు ఉన్నాయి కాబట్టి తేదీని బట్టి రోజుకి ఒకటి.

నేను చదివేది పొద్దున తిరుపతి బస్సులో, కిటికీ సీటు దొరికితే ఇంకా హాయి. ఫోన్‌లో మాత్రం కాదు, వాట్సాప్ ఊరుకోదు కదా, అమ్మ ఇచ్చిన జిప్ కవరు బైబిల్లోనే, నచ్చిన వచనం కింద పెన్సిల్‌తో గీసుకుంటూ. పక్కాయన తొంగి చూస్తాడు, చూడనీ. 119వ కీర్తన మాత్రం బస్సులో పెట్టుకోకండి, 176 వచనాలు, ఒక్క కుదుపుకి ఎక్కడున్నామో తప్పిపోతుంది.