ఆకులకు చిల్లులున్న మొక్కలే ఏరి తెచ్చుకున్నాను

తిరుపతిలో మా ఇంటి వెనక చిన్న పెరడు ఉంది. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన కంకర, సిమెంటు పెళ్ళలు తీయించి ఎర్రమన్ను పోయించాక, అక్కడికి సీతాకోకచిలుకలు, తేనెపిట్టలు వచ్చేలా మొక్కలు పెట్టాలనిపించింది. తలెత్తితే శేషాచలం. 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించిన అడవి అది. అంత అడవి పక్కనే ఉన్నా మా వీధిలో మాత్రం కోనోకార్పస్, క్రోటన్లు తప్ప ఇంకేం కనపడవు. కొండ దిగి వచ్చిన సీతాకోకచిలుక గుడ్డు పెట్టుకోవడానికి ఒక్క ఆకు లేదు.

ముందు టౌనులో నర్సరీలు తిరిగాను. ఈశ్వరి తీగ ఉందా అంటే, "అది కంపల్లో పెరుగుతాది మేడమ్, దాన్నెవరు కొంటారు?" అన్నారు ఒకచోట. ఇంకోచోట నిమ్మమొక్కలు నిగనిగలాడుతున్నాయి. మందు కొట్టారా అని అడిగితే, "కొట్టకుంటే పురుగు తినేస్తాది, తిన్న మొక్క ఎవరూ తీసుకోరు" అని ఉన్నమాట చెప్పేశాడు ఆ అబ్బాయి. నేను వద్దనుకున్నది అందుకే. ఇమిడాక్లోప్రిడ్ లాంటి పురుగుమందును మొక్క పీల్చుకుంటుంది. పైన కడిగితే పోయేది కాదు, ఆకులోకీ పుప్పొడిలోకీ పువ్వులో తేనెలోకీ చేరుతుంది. తేనెటీగలకు చేటని యూరోపియన్ యూనియన్‌లో 2018లోనే ఆరుబయట దీని వాడకాన్ని నిషేధించారు. అలాంటి మొక్క తెచ్చి సీతాకోకచిలుకల కోసం నాటితే, పిలిచి విషం పెట్టినట్టే కదా.

చంద్రగిరి దాటాక లోపలి పల్లెలో మందు కొట్టని తోట ఉందని, అక్కడే మొక్కలు కూడా అమ్ముతారని తెలిసినవాళ్ళు చెప్పారు. వినాయక చవితి అయిపోయి దసరా ఇంకా రాని రోజుల్లో, పొద్దున్నే ఆటో మాట్లాడుకుని వెళ్ళాను. చుట్టూ మామిడి తోటలు. వాటి మధ్య కంచెకు బదులు తంగేడు, కలివి, రేగు గుబురుగా పెంచిన తోట. ఎండ ఇంకా చురుక్కుమంటోంది కానీ గాలిలో తేడా వచ్చింది.

తోట చూసుకునే పెద్దాయన నన్ను నేరుగా మొక్కల దగ్గరికి తీసుకుపోలేదు. "ముందు ఇది చూడమ్మా" అని కరివేపాకు మొక్క దగ్గర కూర్చోబెట్టారు. ఆకు మీద పిట్ట రెట్టలాంటిది కనపడింది. అది లైమ్ బటర్‌ఫ్లై అనే సీతాకోకచిలుక పిల్ల, అంటే గొంగళిపురుగు. చిన్నప్పుడు అలా రెట్టలా ఉండి పిట్టల కంటపడకుండా తప్పించుకుంటుంది, పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. పక్క కొమ్మ మీద అలా పెరిగినది ఒకటుంది. ఆయన పుల్లతో మెల్లగా తాకగానే తల వెనక నుంచి నారింజ రంగులో రెండు కొమ్ములు బయటపెట్టింది, గుప్పున ఘాటు వాసన. కాసేపటికి కొమ్ములు లోపలికి లాక్కుని మళ్ళీ ఆకు అంచు కొరకడం మొదలుపెట్టింది. ఆ మొక్కకు సగం ఆకులు లేవు. "దీన్ని చంపితే సీతాకోకచిలుక ఎక్కడి నుంచి వస్తుందమ్మా?" అన్నారు. పిట్టలకూ ఇదే వర్తిస్తుంది. తేనెపిట్ట తాను తేనె తాగినా పిల్లలకు పెట్టేది పురుగులే.

నేను ఎక్కువసేపు నిలబడిపోయింది మాత్రం జనుము జాతి మొక్కల దగ్గర. ఎండిన కాయ ఊపితే గలగలమంటుంది. ఆ ఎండు కాయల మీద నల్లటి రెక్కలకు లేత నీలం చారలున్న బ్లూ టైగర్ సీతాకోకచిలుకలు గుంపుగా వాలి, కాళ్ళతో గీకి రసం పీలుస్తున్నాయి. అవన్నీ మగవే అన్నారు పెద్దాయన. ఆడవాటిని ఆకర్షించే వాసన తయారుచేసుకోవడానికి వాటికి ఆ మొక్కలోని ఆల్కలాయిడ్లు అనే రసాయనాలు కావాలి. ఈ జాతి వలస పోతుంది. నైరుతి వానలప్పుడు పడమటి కనుమల నుంచి తూర్పు మైదానాలకు వచ్చి, అక్టోబరు, నవంబరు నెలల్లో తిరిగి పడమటికి పోతుంది. దారిలో ఇలాంటి మొక్క దొరకడం వాటికి ఎంత అవసరమో అక్కడ నిలబడి చూస్తే అర్థమైంది. మనం కలుపు అని పీకేసే మొక్క అది.

ఎర్రచందనం మొక్కలు కూడా ఉన్నాయక్కడ. సహజంగా పెరిగేది దక్షిణ తూర్పు కనుమల్లోనే కాబట్టి మా పెరట్లో ఒకటి ఉండాలని ఆశపడ్డాను. "పెద్ద మానవుతుందమ్మా, నీ పెరడు చాలదు. పైగా రేపు కొట్టాలన్నా అటవీశాఖ పర్మిషన్ కావాల" అని ఇవ్వనన్నారు. అమ్ముకునే మనిషి అలా వద్దని చెప్పడం నాకెంతో నచ్చింది.

చివరికి తెచ్చుకున్నవి కరివేపాకు, నిమ్మ, తంగేడు, జనుము జాతి మొక్క, ఈశ్వరి తీగ. క్రిమ్సన్ రోజ్ అనే సీతాకోకచిలుక ఈశ్వరి మీదే గుడ్లు పెడుతుంది. ఆ ఆకులోని విషాన్ని పిల్ల ఒంట్లో దాచుకుంటుంది కాబట్టి పిట్టలు దాని జోలికి పోవు. మొక్కలు ఏరేటప్పుడు పొడుగు చూడొద్దని, కవరు అడుగున వేళ్ళు చుట్టుకుపోయాయేమో చూడమని పెద్దాయన చెప్పారు. పురుగు తిన్నదంటే మందు లేనట్టే కాబట్టి, ఆకులకు చిల్లులున్న మొక్కలనే నేను వెతికి తీసుకున్నాను. ఆటోలో గాలికి వాడిపోకుండా తడిపిన గోనెసంచి చుట్టి ఇచ్చారు.

ఇప్పుడు నాటడమే మంచిదట. మన వైపు ఈశాన్య వానలే ఎక్కువ. అవి అక్టోబరులో మొదలయ్యేసరికి వేరు పట్టుకుంటే ఎండాకాలం దాకా పెద్దగా నీళ్ళు పెట్టక్కర్లేదు. కానీ నీరు నిలిస్తే వేరు కుళ్ళుతుంది. 2021 నవంబరు వరదల్లో మా వీధి మునిగింది కాబట్టి నేను గట్టు ఎత్తు చేసి, దాని మీద గుంతలు తీసి నాటాను. పశువుల ఎరువు కొంచెమే వేసి, పైన ఎండుటాకులు కప్పాను.

ఎండుటాకుల్లో పాములు చేరతాయని మా అత్తయ్యకు టెన్షన్. ఆవిడ భయంలో అర్థం ఉంది. అందుకే ఆకులు గడపకు దూరంగా గోడ వారనే ఉంచి, నడిచే చోటు శుభ్రంగా పెట్టాం. కరివేపాకు దగ్గర ఇంకో గొడవ. పురుగు తినేస్తే పోపులోకి ఏం వేస్తావని అడిగారు. దాంతో రెండో మొక్క తెచ్చి వంటింటి కిటికీ పక్కన పెట్టాను. దాని మీద కనపడ్డ పురుగులను ఆవిడే ఆకుతో సహా తుంచి వెనక మొక్క మీదికి మారుస్తున్నారు.

వెళ్ళాలనుకునేవాళ్ళు ఎండ తగిలి సీతాకోకచిలుకలు లేచే పొద్దుటి పూటే వెళ్ళండి, గోనెసంచులు మీరే పట్టుకుపోండి. వానలు ముదిరితే ఆ మట్టిదారిలోకి ఆటోలు రావట. రేల మొక్క ఒకటి నాకోసం తీసిపెడతానన్నారు, అందుకే నేను దసరా లోపే మళ్ళీ వెళ్తున్నాను.