నేను మాట్లాడను

"నేను మాట్లాడను."

ఆదివారం అమ్మమ్మకి వీడియో కాల్ కలపగానే మా ఏడేళ్ల పాప అన్న మాట ఇది. మూడు వారాలుగా ఇదే వరస. మొదట బతిమాలాను, తర్వాత కోప్పడ్డాను, మూడో వారం చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి ఫోన్ ముందు కూర్చోబెట్టాను. తల వంచుకుని, గౌను అంచు వేలికి చుడుతూ విప్పుతూ కూర్చుంది. పొగరనుకున్నాను. ఇక్కడ పెరుగుతోంది కదా, మన భాషంటే చిన్నచూపు వచ్చిందనుకున్నాను.

ఆ రాత్రి దుప్పటి కప్పుతుంటే తనే చెప్పింది. "నేను మాట్లాడితే మీరిద్దరూ నవ్వుతారు."

అప్పుడు గుర్తొచ్చింది. "తాతయ్య ఎక్కడికి వెళ్ళింది?" అని అడిగిందోసారి. ఇంగ్లీషులో ఎవరు వెళ్ళినా క్రియ ఒకటే, పాపం తను అక్కడే తడబడుతుంది. అమ్మా నేనూ పడీ పడీ నవ్వాం. "వెళ్ళాడు" అని దిద్ది, మళ్ళీ అనిపించి, మళ్ళీ నవ్వాం.

1983లో విమ్మర్, పెర్నర్ అనే పరిశోధకులు పిల్లలకి ఒక కథ చెప్పి చూశారు. ఒక బాబు అల్మారాలో చాక్లెట్ పెట్టి ఆడుకోవడానికి వెళ్తాడు. వాడు లేనప్పుడు అమ్మ దాన్ని వేరే అల్మారాలోకి మారుస్తుంది. తిరిగొచ్చి వాడు ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ల పిల్లలు చాలావరకు ఇప్పుడున్న చోటే చూపిస్తారు. తమకి తెలిసింది వాడికీ తెలుసనుకుంటారు. నేను చేసిందీ అదే. ఆ నవ్వు ముద్దొచ్చి నవ్వినదని నాకు తెలుసు కాబట్టి, దానికీ తెలుసనుకున్నాను.

పిల్లలు మొండికేస్తే ముందు కారణం అడగండి అని ఇంకెవరికైనా అయితే చెప్పేదాన్నే. కానీ ఇక దిద్దనని పాపకి మాటిచ్చిన రెండు రోజులకే మళ్ళీ దిద్దాను. అలవాటు కాదది, భయం. ఇప్పుడు దిద్దకపోతే ఈ భాష దానికి ఎప్పటికీ రాదేమోనని.

అమ్మకి మాత్రం నవ్వొద్దని గట్టిగా చెప్పాను. "ఎగతాళికి నవ్వానా తల్లీ?" అని బాధపడింది. మొన్న ఆదివారం కాల్లో పెదవులు బిగించుకుని, ఆచితూచి మాట్లాడింది. పాప నాలుగు మాటలు మాట్లాడింది కూడా.

ఫోన్ పెట్టేశాక నా చెవిలో మెల్లగా అడిగింది. "అమ్మమ్మకి నా మీద కోపం వచ్చిందా?"