బారులు తీరే పైన్ గొంగళి పురుగులు: మందు ఎప్పుడు, కత్తిరింపు ఎప్పుడు

స్పెయిన్, ఇటలీ, దక్షిణ ఫ్రాన్స్‌లలో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పైన్ చెట్ల కింద గొంగళి పురుగులు ఒకదాని వెనక ఒకటి తల ఆనించి బారుగా పాకుతుంటాయి. థౌమెటోపియా పిటియోకాంపా అనే చిమ్మట పిల్లలివి. జనం మందు కోసం వెతికేది అప్పుడే. మందు పనిచేసే రోజులు మాత్రం చలికాలానికి ముందే అయిపోయాయి.

ఎండాకాలంలో తల్లి చిమ్మట పైన్ సూదుల జంట చుట్టూ రెండు వందల దాకా గుడ్లు పెట్టి, తన పొలుసులు కప్పి పోతుంది. నెల దాటాక పిల్లలు బయటికొస్తాయి. గొంగళి పురుగుల్ని చంపే బాక్టీరియా మందు బాసిల్లస్ తురింజియెన్సిస్ కుర్‌స్టాకి చల్లాల్సింది అవి చిన్నగా ఉన్న సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. అది తాకితే చావవు, తినాలి. మేత రాత్రిపూట కాబట్టి సాయంత్రం, వాన సూచన లేని రోజున, సూదులు బాగా తడిసేలా కొట్టాలి. ఎండకి, వానకి దాని బలం త్వరగా పోతుంది.

చలికాలంలో ఎండ తగిలే కొమ్మల చివర తెల్లటి పట్టుగూళ్లు కడతాయి. పగలు పురుగులన్నీ అందులోనే ఉంటాయి కనుక కత్తిరించడానికి అదే అదను. ముందు గూటిని నీళ్లతో తడపాలి. కళ్లద్దాలు, మాస్కు, గ్లౌజులు తప్పనిసరి. ఎదుగుదలలో మూడో దశ నుంచి వీటి వీపు మీద కంటికి ఆనని విషపు నూగు లక్షల్లో ఉంటుంది, గాలికే రాలుతుంది. ఖాళీ గూటిలోనూ దాని దురద పోదు. ఆరుబయట కాల్చితే పొగతో పాటు ఆ నూగూ లేస్తుంది.

గూళ్లు అందనంత ఎత్తులో ఉంటే జనవరిలోనే చెట్టు మొదలు చుట్టూ కాలర్ ట్రాప్, అంటే మట్టిలోకి వెళ్లడానికి చెట్టు దిగే పురుగుల్ని సంచిలోకి మళ్లించే పట్టీ, బిగించాలి. ముందుది ఎటు పోతే మిగతావీ అటే పోతాయి. ఫ్రెంచి కీటక శాస్త్రవేత్త ఫాబ్రె వాటిని కుండీ అంచు మీద వదిలితే ఏడు రోజులు గుండ్రంగా తిరిగాయి! ఆ గుణమే వాటిని మట్టి నింపిన సంచిలోకి దింపుతుంది. బెరడు పగుళ్లలో సందు వదిలినా, కొమ్మ పక్క చెట్టుకి ఆనినా ట్రాప్ దండగ. జూన్‌లో కట్టే ఫెరోమోన్ ట్రాప్‌లో (ఆడ చిమ్మట వాసనతో ఆకర్షించే ఉచ్చు) పడేవి మగ చిమ్మటలే. లెక్క తెలుస్తుంది గానీ చెట్టు ఆకు మిగలదు.

నిజానికి బలమైన చెట్టు వసంతంలో మళ్లీ చిగురిస్తుంది. ఎక్కువ భయం కుక్కలకి. పురుగుని నాకితే నాలుక వాచి, నల్లబడి, ముక్క ఊడిపోవచ్చు. రుద్దకుండా గోరువెచ్చని నీళ్లు ధారగా పోసి, వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

మట్టిలో దిగి ప్యూపాలుగా (చిమ్మటగా మారే ముందు దశ) మారినవాటిలో కొన్ని ఒకటి రెండేళ్లు ఆగి లేస్తాయి. ఈ ఏడు ఒక్క గూడూ కనబడకపోయినా వచ్చే జూన్‌లో ఫెరోమోన్ ట్రాప్ కట్టండి.