ఫెర్రీ బిల్డింగ్‌లో మధ్యాహ్న భోజనం

అమ్మానాన్నలని శాన్‌ఫ్రాన్సిస్కో ఫెర్రీ బిల్డింగ్‌కి తీసుకెళ్లాను. నీళ్ల ఒడ్డున కూర్చుని తినే చోట్లలో నాకు ఇంత నచ్చింది ఇంకోటి లేదు.

పడవలెక్కే జనం కోసం 1898లో తెరిచిన భవనం ఇది. ఆర్కిటెక్ట్ ఎ. పేజ్ బ్రౌన్. 245 అడుగుల గడియారపు టవర్‌కి స్పెయిన్‌లోని సెవిల్ గిరాల్డా గోపురం స్ఫూర్తి. 1906 భూకంపాన్నీ, 1989 భూకంపాన్నీ తట్టుకుంది.

లోపలికి వెళ్లగానే తలెత్తి చూడాలి. ఆర్చీలు వరసగా చివరిదాకా సాగిపోతాయి, వాటి మీద గాజు కప్పు. పై అంతస్తు నేలను మధ్యలో తెరిచి ఉంచారు కాబట్టి వెలుతురు కింద కొట్ల దాకా, బ్రెడ్ బుట్టల మీద దాకా దిగుతుంది. మాల్ ఫుడ్‌కోర్టులో పగలో రాత్రో తెలీదు. ఇక్కడ మబ్బు పట్టినా ఇట్టే తెలిసిపోతుంది.

తిండి తీసుకుని వెనకవైపు, నీళ్ల పక్కన కూర్చున్నాం. ఎదురుగా బే బ్రిడ్జి, మొహానికి కొట్టే చల్లగాలి. పడవ ఒడ్డుకి వస్తుంటే నాన్న తినడం ఆపేసి, తాడు ఎలా కడతారో చూస్తూ ఉండిపోయారు. అమ్మకి క్లామ్ చౌడర్ (ఆల్చిప్పల మాంసం వేసిన చిక్కటి సూపు) సయించలేదు కానీ, పుల్లటి సోర్‌డో రొట్టె మాత్రం ఇంకో ముక్క అడిగి తింది.

ఒకప్పుడు దీని ముందు రెండంతస్తుల ఫ్రీవే అడ్డంగా ఉండేది. 1989 భూకంపంలో దెబ్బతిన్నాక దాన్ని కూల్చేశారు. 2003లో ఈ భవనం బజారుగా తెరుచుకుంది. ఆ ఫ్రీవేని కూల్చిన వాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది!

వెళ్లేవాళ్లు శనివారం పొద్దున్నే వెళ్లండి, బయట రైతుల మార్కెట్ కూడా ఉంటుంది.