షియాన్‌లో అమ్మతో ఒక రోజు

మా అమ్మ తుళ్లూరు దగ్గర ఒక హైస్కూల్లో ముప్పై ఏళ్లు సోషల్ చెప్పింది. షాంఘైలో నేను ఉద్యోగంలో చేరాక, చైనా చూద్దువుగాని రమ్మంటే మొదట అడిగిన మాట ఇది: "ఒరేయ్, హ్యూయన్ త్సాంగ్ మన దేశానికి బయల్దేరిన ఊరు మీకు దూరమా?" ఏడో శతాబ్దంలో మన దేశం వచ్చిన చైనా బౌద్ధ భిక్షువు హ్యూయన్ త్సాంగ్. ఆ ఊరు ఇప్పటి షియాన్. అప్పట్లో చాంగాన్, తాంగ్ చక్రవర్తుల రాజధాని. అక్టోబర్ చివర్లో అమ్మ, మా ఆవిడ, పదేళ్ల పాప, నేను రైలెక్కాం.

మొదటి రోజంతా, చైనా తొలి చక్రవర్తి సమాధి దగ్గర పాతిపెట్టిన మట్టి సైనికుల బొమ్మలకే సరిపోయింది. నేను చెప్పాలనుకుంటున్నది రెండో రోజు సంగతి.

పొద్దున్నే దక్షిణ ద్వారం దగ్గర కోట గోడ ఎక్కాం. మింగ్ రాజుల కాలంలో, 1370లలో కట్టిన గోడ ఇది. ఎత్తు 12 మీటర్లు, చుట్టుకొలత 13 కిలోమీటర్ల పైమాటే. పైన బస్సు పోయేంత వెడల్పు. సైకిళ్లు అద్దెకిస్తారు. నేనూ పాపా జంట సైకిలు తీసుకున్నాం, అమ్మా మా ఆవిడా బ్యాటరీ బండి ఎక్కారు. పాత ఇటుకల మీద సైకిలు గతుకులు గతుకులుగా పోతుంటే పాప నవ్వు ఆగలేదు. ఒక పక్క లోపలి పాత ఇళ్ల పెంకులు, ఇంకో పక్క కందకం, దాని అవతల పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లు. అమ్మ మాత్రం దక్షిణం వైపే చూస్తోంది. తాంగ్ కాలం నాటి ఊరు ఈ గోడ దాటి చాలా దూరం పరుచుకుని ఉండేదట. హ్యూయన్ త్సాంగ్ గోపురం అటే ఉంది.

దిగేసరికి ఆకలి దంచేస్తోంది. అమ్మ మాంసం, గుడ్డు ముట్టదు. షియాన్‌లో ఏ గిన్నె చూసినా మటనే, అందుకే ఆవిడకి ఏం పెట్టాలా అని రాత్రి నుంచీ నాకు టెన్షన్. సందులో ఒక చిన్న నూడుల్స్ కొట్టు కనబడింది. మాంసం వద్దు, మాంసం ఉడికించిన నీళ్లూ వద్దు అని ఫోన్‌లో చైనా భాషలో రాసి చూపించాను. ఆ కొట్టావిడ రెండుసార్లు చదివి, తలూపి, పిండి ముద్ద తీసుకుని రెండు చేతులతో సాగదీసి బల్ల మీద ఫట్‌మని కొట్టింది. వీటిని బియాంగ్‌బియాంగ్ అంటారు. నడుముకి కట్టుకునే బెల్టంత వెడల్పు. ఆ పేరు రాసే అక్షరానికి యాభైకి పైగా గీతలు. పాప గోడ మీద చూసి కాగితం మీద దించబోయి సగంలో వదిలేసింది.

ఉడికిన నూడుల్స్ మీద కారం, వెల్లుల్లి, ఉల్లికాడలు వేసి, పొగలు కక్కే నూనె చుయ్యిమని పోసింది. ఆ వాసనకి అమ్మ కళ్లు మెరిశాయి. ఒక ముక్క తిని, "మన మిరపంత ఘాటు లేదు గానీ కమ్మగా ఉందిరా" అంది. గుంటూరు జిల్లా మనిషి నోట ఆ మాట రావడం మామూలు విషయం కాదు. గిన్నె ఖాళీ చేసింది.

మధ్యాహ్నం మెట్రోలో దాయన్‌తా స్టేషన్‌కి వెళ్లాం. గోపురం ఆ పేరుతోనే ఉంది. 645లో హ్యూయన్ త్సాంగ్ 657 సంస్కృత గ్రంథాలతో తిరిగొచ్చి, వాటిని దాచడానికి కట్టించమని అడిగితే 652లో లేచిన గోపురం ఇది. తట్టలో ఇటుకలు తనూ మోశాడని ఆయన శిష్యులు రాశారు. తర్వాతి కాలంలో మళ్లీ కట్టారు. ఇప్పుడు ఏడంతస్తులు, 64 మీటర్లు.

దక్షిణం వైపు మైదానంలో ఆయన కంచు విగ్రహం. అమ్మ చెప్పులు విడిచింది. చేతులు జోడించి చాలాసేపు అలాగే నిలబడింది. పక్కన ఎవరో చైనా ముసలావిడ అమ్మని చూసి తనూ చేతులు జోడించింది.

తర్వాత అక్కడే గట్టు మీద కూర్చుని పాపకి చెప్పింది. "ఈయన మన ధాన్యకటకం వచ్చాడమ్మా. మన అమరావతి పక్కనే. అక్కడ కొన్ని నెలలుండి ఇద్దరు భిక్షువుల దగ్గర అభిధర్మం, అంటే బౌద్ధ తత్వం, చదివాడు. తనకు తెలిసింది వాళ్లకు చెప్పాడు."

"నడిచే వచ్చాడా నాయనమ్మా?"

"నడిచీ, గుర్రం మీదా. ఆయన చూసిన ఆరామాలు బెజవాడ కొండల మీదివని కొందరు చరిత్రకారులన్నారు. నేను మాత్రం పిల్లలకి అమరావతనే చెప్పాను."

నేను ఆవిడ క్లాసులో ఎప్పుడూ కూర్చోలేదు. ఆ సాయంత్రం కూర్చున్నాను. పాప, నేను గోపురం పైదాకా ఎక్కి కిటికీలోంచి చూస్తే గట్టు మీద అమ్మ ఆకుపచ్చ చీర చుక్కలా కనబడింది.

చీకటి పడ్డాక నగారా గోపురం వెనక ముస్లిం వీధికి వెళ్లాం. హుయ్ అనే చైనా ముస్లింలు తరతరాలుగా ఉంటున్న చోటు. ఇసుకేస్తే రాలనంత జనం. అమ్మకి దానిమ్మ రసం ఇప్పించి, మేం ముగ్గురం యాంగ్‌రౌ పావ్‌మో తెప్పించుకున్నాం. ముందు గట్టి రొట్టె, ఖాళీ గిన్నె ఇస్తారు. రొట్టెను మనమే చిన్న చిన్న తునకలు చేయాలి. మా ఆవిడ తొందరలో పెద్ద ముక్కలు చేస్తే, వడ్డించే ఆవిడ చూసి ఇంకా చిన్నవి చేయమని సైగ చేసింది. గిన్నె లోపలికి తీసుకెళ్లి మటన్ పులుసులో ఉడికించి తెచ్చారు. పక్కన తియ్యటి ఊరవేసిన వెల్లుల్లి. రొట్టెలోకి పులుసు ఇంకి, చలికి ప్రాణం లేచొచ్చింది.

బయట ఒకతను ఎర్రటి పండ్ల గుజ్జుతో చేసిన బిళ్లలు నూనెలో వేయిస్తున్నాడు. పెర్సిమన్ పండు అది. మాంసం, గుడ్డు లేవని కనుక్కుని అమ్మకి రెండు తీసుకున్నాం. ఆయన అమ్మ చీర వైపు చూసి నవ్వుతూ ఒకే మాట అడిగాడు: "యిందు?"

ఇండియానా అని అడుగుతున్నాడని అమ్మకి చెప్పాను. మన దేశానికి చైనాలో అంతకుముందు షెన్‌దు, థియన్‌జు అని రకరకాల పేర్లుండేవి. అవి కాదు, యిందు అనడమే సరైనదని తన యాత్రా గ్రంథంలో రాసింది హ్యూయన్ త్సాంగే. ఆ సంగతీ చెప్పాను.

అమ్మ చేతిలో వేడి బిళ్ల అలాగే ఉంది. ఆయన వైపు తిరిగి, "యిందు, యిందు" అని రెండుసార్లు తలూపింది.