గోడ మీద పారిస్

అంకెలు లేని గడియారం ఎవరి కోసం చేస్తారో! మరిది తెచ్చిన పారిస్ మ్యాపు గడియారం హాల్లోకి వచ్చినప్పటి నుంచి అత్తమ్మ టైము నన్నే అడుగుతోంది. నల్లటి పలక మీద వీధులన్నీ సన్నటి బంగారు గీతలు, వాటి మీద అదే రంగు ముళ్లు. ట్యూబ్‌లైటు వేస్తే చిన్న ముల్లు ఏదో వీధిలో కలిసిపోతుంది. రాత్రి ఎనిమిదింటికి బీపీ మాత్ర వేసుకోవాల్సిన మనిషికి ఇది ఎంత టెన్షన్! ఈయనకు చెబితే "అందంగా ఉంది కదా" అంటారు. అందం సరే, గోడకు మేకు కొట్టింది టైము చూసుకోవడానికి కదా.

ఇంకో కోపం కూడా ఉంది. పారిస్‌లో ఆర్క్ ద ట్రియోంఫ్ తోరణం చుట్టూ సరిగ్గా 12 రోడ్లు కలుస్తాయి. గడియారానికి ఇంతకంటే ఏం కావాలి? ముళ్లు అక్కడ బిగిస్తే ఒక్కో రోడ్డు ఒక్కో గంట అయ్యేది. వీళ్లు ఆ కూడలిని పది గంటల చోటికి నెట్టేసి, నడిమధ్యన సెన్ నదిలోని దీవిని పెట్టారు.

పొద్దుటి నుంచి ఇదే గొణుక్కుంటున్నా. సాయంత్రం చపాతీ పిండి కలుపుతుంటే నాయిన గుర్తొచ్చాడు. నేను డిగ్రీలో చేరినప్పుడు ఆయన చెప్పిన దారి ఒక్కటే: "ఎటు పోయినా గడియారం కాడికి రా బిడ్డా, ఆడికెంచి నేను తీస్కపోత." నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్‌లో నిలబడితే దేవరకొండ బస్సు దిగి వచ్చేవాడు. సీతాఫలాల కాలమైతే భుజాన సంచి. నన్ను పలకరించక ముందే తలెత్తి టవర్ వంక చూసి, తన హెచ్‌ఎంటీ వాచీ సరిచేసుకునేవాడు. పత్తి ఏరి పగిలిన వేళ్లకు ఆ చిన్న కీ దొరికేది కాదు, గోళ్లతో పట్టి తిప్పేవాడు. బ్యాంకైనా దవాఖానైనా చెప్పుల దుకాణమైనా ఆయనకు గడియారం కాడి నుంచి ఇంత దూరం అనే లెక్క.

పారిస్ వాళ్లకూ అలాంటి చోటు ఉంది. ఆ దీవిలోనే, నోత్రదామ్ చర్చి ముందు నేలలో ఒక గుర్తు వేసి ఉంటుంది. పారిస్ నుంచి ఫ్రాన్సులోని ఊళ్లకు దూరం లెక్కపెట్టేది అక్కడి నుంచే. ఈ గడియారానికి ముళ్లు బిగించింది ఆ దీవి మీదే. చేసినవాళ్లకు ఊరంటే ఏంటో తెలుసు. పన్నెండు రోడ్ల కోపం పోయింది నాకు.

అంకెల కోపం మాత్రం పోలేదు. పానగల్లు చెరువు, లతీఫ్‌సాబ్ గుట్ట, నడుమ క్లాక్ టవర్‌తో మన ఊరి మ్యాపు గడియారం ఎవరైనా చేస్తే, పెద్ద పెద్ద అంకెలు కూడా వేస్తే, ఎంతైనా పెట్టి కొంటాను. రేపు పారిస్ చిన్నదాని గదిలోకి పోతుంది, ఈయన ఏమన్నా సరే. అత్తమ్మ పాత గడియారం మళ్లీ హాల్లోకి. దానికి పెన్సిల్ సెల్లు తెమ్మని పొద్దున్నే చెప్పాలి.