రివెట్ తల రేకులో కలిసిపోవాలంటే: నా అనుభవం

సొంతంగా లోహపు విమానం కట్టుకునేవాళ్లలో చాలామందికి రివెట్ గన్ (రేకుల్ని కలిపే రివెట్లను గాలి బలంతో దంచే పరికరం) అంటేనే టెన్షన్. నేను చూసినంతవరకు గన్ చేతికి తీసుకునే లోపే రివెట్ బాగా కూర్చుంటుందా లేదా అన్నది ముప్పాతిక వంతు తేలిపోతుంది. బెజ్జం, దాని అంచు, డింపుల్ (తల కూర్చోవడానికి బెజ్జం చుట్టూ రేకును నొక్కి చేసే గుంట) సరిగ్గా కుదిరితే గన్‌తో పెద్ద కష్టం ఉండదు.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డు అద్దెకు తీసుకుని నేనూ మా తమ్ముడూ రెండు సీట్ల విమానం కిట్ కడుతున్నాం. తోక భాగాలతో మొదలుపెట్టాం. రేకు 2024-టీ3 అల్‌క్లాడ్, అంటే పైన స్వచ్ఛమైన అల్యూమినియం పూత ఉన్న గట్టి అల్యూమినియం మిశ్రమం. రివెట్లు 3/32 అంగుళం, తల రేకులో మునిగే ఏఎన్426 రకం. తలలు పైకి పొడుచుకొస్తే గాలికి అడ్డు తగులుతాయి. 1935లో నేల మీంచి లేచే విమానాల్లో వేగానికి ప్రపంచ రికార్డు కొట్టిన హోవర్డ్ హ్యూస్ హెచ్-1 రేసర్‌లో కూడా రివెట్ తలల్ని రేకుతో సమం చేశారు.

ఈ రివెట్‌కి 40 నంబరు బిట్ వాడమంటారు. దాని సైజు 2.49 మిల్లీమీటర్లు కాబట్టి మన దగ్గర దొరికే 2.5 బిట్ దాదాపు అదే. కౌంటర్‌సింక్ బిట్ (తల మునిగేలా బెజ్జం మూతిని గరాటులా కోసేది) దగ్గర మాత్రం ఇలా సర్దుకోకూడదు. ఈ రివెట్ తల కోణం 100 డిగ్రీలు, మామూలు షాపుల్లో ఇచ్చేది ఎక్కువగా 90 డిగ్రీలది. కోణం తేడా వస్తే తల సరిగ్గా కూర్చోక సన్నని సందు ఉండిపోతుంది. మేం 100 డిగ్రీలదే తెప్పించుకున్నాం.

బెజ్జం వేశాక అంచున లేచిన గరుకును రెండు వైపులా తీసెయ్యాలి, అదీ తేలిగ్గా, చేతితో. ఎక్కువ తిప్పితే అంచు పల్చబడుతుంది. తియ్యకుండా వదిలేస్తే డింపుల్ కొట్టేటప్పుడు అక్కడి నుంచే పగులు మొదలవుతుంది.

నేను ఎక్కువ శ్రద్ధ పెట్టింది డింపుల్ మీదే. పల్చని రేకును కౌంటర్‌సింక్‌తో కోస్తే బెజ్జం పెద్దదైపోతుంది, అందుకే డైల (ఒకదాంట్లో ఒకటి ఇమిడే ఉక్కు అచ్చులు) మధ్య పెట్టి గుంటలా నొక్కుతారు. మేం సీ-ఫ్రేమ్‌లో (ఇంగ్లిష్ సీ అక్షరం ఆకారపు చట్రం) డైలు బిగించి బరువైన సుత్తితో కొడతాం. డైలు రెండూ పూర్తిగా కలిసేలా దెబ్బ గట్టిగా పడాలి. మొహమాటపడి కొడితే డింపుల్ సగమే దిగుతుంది. అలాంటి చోట రివెట్ కొడితే చుట్టూ ఉన్న రేకు కూడా లోపలికి లాగేసుకుంటుంది. పెయింట్ పడ్డాక ఎండలో వరసంతా అలలు అలలుగా కనిపించేది ఇందుకే. తనిఖీకి ట్యూబ్‌లైటు చాలు. దాని గీత రేకులో ఎలా కనిపిస్తుందో చూడాలి. డింపుల్ అంచు దాకా గీత తిన్నగా వచ్చి అక్కడే టక్కున విరగాలి. ముందే వంగడం మొదలైతే ఇంకో దెబ్బ వెయ్యాలి.

మన ఊరి ఎండనూ లెక్కలోకి తీసుకోవాలి. అల్యూమినియం వేడికి బాగా సాగుతుంది. రెండు మీటర్ల రేకు షట్టర్ దగ్గర ఎండలో ఉండి, లోపలి చట్రం నీడలో ఉండి, మధ్య పది డిగ్రీల తేడా వస్తే పొడవులో దాదాపు అర మిల్లీమీటరు తేడా. బెజ్జాలు కలవవు. అందుకే రాత్రంతా రెండింటినీ షెడ్డులో ఒకేచోట ఉంచి పొద్దున్నే మొదలుపెడతాం. కృష్ణ పక్కనే ఉండటం వల్ల గాలిలో తేమ ఎక్కువ, కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీటిని రోజూ వదలాలి.

గన్ దగ్గర మాకు సాయం చేసింది పక్క షెడ్డులో లారీ బాడీలు కట్టే మేస్త్రీ గారు. విమానం పని ఆయనకు కొత్త. కానీ రివెట్ వెనక డాలీ (దెబ్బకు ఎదురుగా ఆనించే బరువైన ఇనుప దిమ్మ) పట్టడం ఆయనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. మా తమ్ముడు బకింగ్ బార్‌ని, అంటే విమానం పనిలో వాడే డాలీని, బలంగా అదిమి పట్టడం చూసి, "బాబూ, నువ్వు తోస్తే రివెట్టు పైకి లేస్తది. ఆనించు, చాలు. గన్నాయనదే బలం," అన్నారు. నిజమే. గన్ వైపు ఒత్తిడి ఎక్కువుంటేనే తల డింపుల్‌లో గట్టిగా కూర్చుంటుంది. ఇప్పుడు తమ్ముడు బార్ ఆనించి "ఊఁ" అన్నాకే ట్రిగ్గర్ నొక్కుతాను. చప్పుడులో తేడా ఉంటే వెంటనే ఆపేస్తాను.

గాలి మా గన్‌కి 35 పీఎస్‌ఐ దగ్గర కుదిరింది. తక్కువ గాలితో చాలాసేపు కొట్టడం మంచిదనుకుంటారు కానీ, ఈ రివెట్లు దెబ్బలు తినేకొద్దీ గట్టిపడతాయి, చివరికి అంచున పగులుతాయి. ఒకటి రెండు సెకన్లలో అయిపోవాలి. వరసలో మధ్య నుంచి మొదలుపెట్టి రెండు వైపులకూ పోతే రేకు ఉబ్బదు. దెబ్బలకు రివెట్ రెండో కొస నలిగి లోపల ఏర్పడిన తల వెడల్పు రివెట్ లావుకు ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం ఉండాలి. అంటే మా రివెట్‌కి సుమారు 3.6 మిల్లీమీటర్లు, 1.2 మిల్లీమీటర్లు. గేజ్ పెట్టి చూస్తాం.

డెంటింగ్ పనివాళ్లు రేకు మీది చిన్న గుంటలు చూసి "పుట్టీ పెడితే పోతుంది కదండీ" అంటారు. కారుకైతే పెట్టొచ్చు. ఎలివేటర్, రడ్డర్ లాంటి కదిలే భాగాల్లో పుట్టీ వల్ల కీలు వెనక బరువు పెరిగితే వేగంలో అవి అదరడం మొదలుపెట్టే ప్రమాదముంది, దాన్నే ఫ్లటర్ అంటారు. అందుకే నునుపు రివెట్ దగ్గరే రావాలని నా పట్టుదల.

చెడిపోయిన రివెట్‌ను తియ్యాలంటే తల మధ్యలో తల లోతు వరకే డ్రిల్ చేసి, సన్నని పంచ్‌తో తల విరిచి, వెనక ఆధారం పెట్టి మిగతాది నెమ్మదిగా తట్టి తీస్తాం. అయితే లోపలి తల కొంచెం పక్కకు ఒరిగినంత మాత్రాన, కొలత సరిపోతుంటే, నేను దాన్ని కదపను. తీసే ప్రయత్నంలో బెజ్జం పెద్దదైతే ఆ రివెట్ కంటే అదే పెద్ద నష్టం.